హెచ్చరిక దీపం, అమానత్

మొదటి ఖుత్బా

సమస్త ప్రశంసలూ మనల్ని సృష్టించి, మంచిచెడులను గుర్తించే వివేకాన్ని ప్రసాదించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, అనుచరులపైన అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

అమ్మా బాద్. మాన్య సోదరులారా! దైవభీతి కలిగి జీవించవలసిందిగా మొదట నాకు నేను, ఆ తర్వాత మీకు హితవు చెప్పుకుంటున్నాను.

నేటి ఖుత్బాలో కారు ఇంజిన్ లైటును గురించి మాట్లాడదలచాను. మింబర్‌కూ మెకానిక్ షెడ్డుకూ ఏమి సంబంధమని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మన ధర్మం మస్జిదు గడప వద్ద ఆగిపోయేది కాదు. బజారులో మన తూకం, బాటలో మన నడక, మన చేతిలోని వస్తువు పట్ల మన బాధ్యత, ఇవన్నీ రేపు తీర్పుదినాన లెక్కకు వచ్చేవే. పైగా ఈ విషయంలో తప్పు చేసినవాడిని నేనే. కనుక నా అనుభవంతోనే ప్రారంభిస్తాను.

నా వద్ద ఒక పాత పెట్రోలు కారు ఉండేది. గత సంవత్సరం ఒకనాడు స్టీరింగు ఎదుట ఇంజిన్ ఆకారంలో పసుపు రంగు దీపం వెలిగింది. బండి మామూలుగానే నడుస్తున్నది. చూపిద్దాములే అనుకున్నాను. వారం గడిచింది, నెల గడిచింది. ‘ఏమండీ, ఆ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది కదా’ అని మా ఇంట్లో వారు రెండుసార్లు అడిగారు. ‘పాత బండ్లకు అది మామూలే, అల్లాహ్ ఉన్నాడు’ అన్నాను. తవక్కుల్ అనే పవిత్రమైన మాటను నా బద్ధకానికి ముసుగుగా వాడుకున్నానని ఆ రోజు నాకు తోచలేదు.

ఆ తర్వాత ఒక నికాహ్ కోసం కుటుంబంతో కర్నూలు నుండి హైదరాబాదుకు బయలుదేరాము. కొత్తకోట దాటాక ఇంజిన్ వణకసాగింది. నిలకడగా ఉన్న దీపం మిణుకుమిణుకుమని కొట్టుకోసాగింది. జడ్చర్ల వరకైనా చేరుదామని మరికొంత దూరం అలాగే నడిపాను. చివరకు బండి జోరు కోల్పోయి, లారీలు దూసుకుపోయే రహదారి అంచున నిలిచిపోయింది. ఎర్రటి ఎండ. వెనుక సీటులో నా మనుమరాలు. ఆ గంటసేపు నేను చేసిన ఇస్తిగ్‌ఫార్ అంతా ఇంతా కాదు.

మెకానిక్ చూసి చెప్పినది ఇది. ఒక ఇగ్నిషన్ కాయిల్ పాడై, ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదు. దీపం వెలిగిన మొదటి వారంలోనే వచ్చి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది. మండని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి, అక్కడ విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చివేసింది. ఇప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది.

సోదరులారా! ఒక వ్యక్తి తన ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని దైవప్రవక్త (స)ను అడిగిన సంఘటన తిర్మిజీ గ్రంథంలో ఉంది. ముందు కట్టమని, ఆ పిదప భారం వేయమని ఆయన బోధించారు. నేటి మన ఒంటె ఈ వాహనమే. దానిని కట్టడమంటే దాని హెచ్చరికను వినడం. కనుక వాహనం నడిపే ప్రతి సోదరుడూ, సోదరీ ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది: నూనె డబ్బా ఆకారంలో ఎర్ర దీపం వెలిగితే ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. వెంటనే బండిని భద్రమైన చోట నిలిపి ఇంజిన్ ఆపాలి. ఇంకొంచెం దూరమేలే అని నడిపితే నిమిషాలలోనే ఇంజిన్ పనికిరాకుండా పోవచ్చు.

రెండవది: వేడిని సూచించే ఎర్ర దీపం వెలిగినా అలాగే ఆపాలి. పూర్తిగా చల్లారేవరకు రేడియేటర్ మూత తీయరాదు. ఎగజిమ్మే ఆవిరి ముఖాన్నీ చేతులనూ కాల్చివేస్తుంది.

మూడవది: ఇంజిన్ ఆకారంలోని పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు అవసరం లేదు. నిదానంగా నడుపుకుంటూ వెళ్లి, ఆలస్యం చేయకుండా స్కానర్‌తో పరీక్ష చేయించాలి. కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా ఈ దీపం వెలుగుతుంది. ముందు దానిని చూసుకోవాలి.

నాలుగవది: అదే దీపం మిణుకుమిణుకుమంటే యాక్సిలరేటరు వదిలి, వేగం తగ్గించి, వీలైనంత త్వరగా భద్రమైన చోట ఆగాలి. నేను చేసినట్లు చేయకండి. జాతీయ రహదారిపై ఆగవలసివస్తే నాలుగు ఇండికేటర్లూ వేసి, పిల్లలను, స్త్రీలను బాటకు దూరంగా నిలబెట్టాలి. సహాయానికి 1033 నంబరుకు ఫోను చేయవచ్చు.

స్కానర్ చూపే కోడ్ ఒక సాక్షి వాంగ్మూలం వంటిది. దాని ఆధారంగా విచారణ జరగాలి, దానినే తీర్పుగా భావించి మంచి భాగాలను కూడా విప్పి పారవేయరాదు. ఈ సభలో మెకానిక్ సోదరులున్నారు. తెలియనివాని భయాన్ని సొమ్ము చేసుకోవడం ధర్మసమ్మతం కాదని వారికి మనవి చేస్తున్నాను.

మరొక సంగతి. ఈ పసుపు దీపాన్ని ముఖ్యంగా పొగ కాలుష్యాన్ని అదుపు చేసే ఏర్పాటులో భాగంగానే కార్లలో అమర్చారు. మన దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాలు ఆ అదుపును మరింత కట్టుదిట్టం చేశాయి. అంటే దీపాన్ని పట్టించుకోనివాడు తన జేబుకే కాక, వీధిలో ఊపిరి పీల్చే పసిబిడ్డకూ, ఆయాసంతో బాధపడే వృద్ధునికీ హాని చేస్తున్నాడు. ఇతరులకు హాని తలపెట్టరాదన్నది మన షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి.

అల్లాహ్ నన్నూ మిమ్మల్నీ మన్నించుగాక! ఆయనను క్షమాభిక్ష వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి, కృపాకరుడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం, ఆయన ప్రవక్త (స) పై దరూద్, సలామ్.

సోదరులారా! నా కథ ఇంకా ముగియలేదు. అసలు పరీక్ష ఆ రహదారిపై కాదు, ఆ తర్వాత ఎదురైంది. అంత ఖర్చు భరించలేక కాయిల్ మాత్రం మార్పించి, బండిని అమ్మివేద్దామనుకున్నాను. దీపం వెలుగుతూనే ఉంది. బేరం కుదిర్చే వ్యక్తి ఒకడు, ‘హజ్రత్, స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. మళ్లీ వెలగడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అమ్మేద్దాం’ అన్నాడు. అతడు చెప్పినది నిజమే. కోడ్ చెరిపినప్పుడు బండిలోని కంప్యూటరు తన పరీక్షలన్నీ మొదటినుండి చేసుకోవాలి. అందుకు కొన్ని ప్రయాణాలు పడతాయి. అంతవరకు దీపం మౌనంగా ఉంటుంది.

నేను వెంటనే కాదనలేదు. ఒక నిమిషం మౌనంగా ఉన్నాను. ముప్ఫై ఏళ్లుగా హదీసులు చదివి, చెప్పిన నా నోరు ఆ నిమిషం పెగలలేదు. మనసులో లెక్కలు నడుస్తున్నాయి. ఆ నిమిషాన్ని తలచుకుంటే నేటికీ నాకు సిగ్గు కలుగుతుంది.

అప్పుడు మదీనా బజారు గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందన్నాడు వర్తకుడు. తడిసినది జనానికి కనబడేలా పైన ఉంచవలసింది కదా అని ఆయన మందలించి, మోసగించేవాడు మాలోనివాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లిం గ్రంథంలోని ఉల్లేఖనమిది. దీపం ఆర్పి కారు అమ్మడం ఆ తడి ధాన్యంపై పొడి ధాన్యం కప్పడం కాక మరేమిటి?

లోపాన్ని దాచి అమ్మితే ఆ వస్తువును తిరిగి ఇచ్చివేసే హక్కు కొనుగోలుదారునికి ఉంటుంది. దీనిని ఫిఖ్‌హ్‌లో ఖియారుల్ ఐబ్ అంటారు. ఈ హక్కు విషయంలో కొనేవాడు ముస్లిమా, హిందువా, క్రైస్తవుడా అన్న తేడా లేదు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపాన్ని వెల్లడిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు.

చివరకు నా బండిని పొరుగు గ్రామపు రైతు సోదరుడొకరు కొన్నారు. దీపం వెలుగుతుండగానే చూపించాను. మెకానిక్ ఇచ్చిన చీటీ చేతిలో పెట్టాను. అనుకున్నదానికంటే చాలా తక్కువే వచ్చింది. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వాడిన బండి కొనేవారికి ఒక మాట. తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఇంజిన్ దీపం అసలు వెలగనే లేదంటే సంతోషించకండి. అది పాడైపోయి ఉండవచ్చు, లేదా ఎవరైనా దానిని తొలగించి ఉండవచ్చు. కంప్యూటరు తన పరీక్షలు పూర్తి చేసిందో లేదో కూడా స్కానర్‌లో చూడమని అడగండి.

ఇక మన అంతరంగానికి వద్దాం. అల్లాహ్ మనిషి లోపల కూడా ఒక దీపం అమర్చాడు. సూరా ఖియామాలో ఆయన ప్రమాణం చేసి ప్రస్తావించిన నఫ్సె లవ్వామా, తప్పు చేసినప్పుడు తనను తాను నిందించుకునే మనసు, అదే. ఫజ్ర్ తప్పినప్పుడు గుండెలో కలిగే గుబులు ఆ దీపమే. అప్పు ఇచ్చినవాడు ఎదురైతే చూపు తప్పించుకోవడం, తల్లి ఫోను చేస్తే విసుక్కుని ఆ తర్వాత నొచ్చుకోవడం కూడా ఆ దీపపు వెలుగే. అది వెలుగుతున్నంతకాలం మరమ్మతుకు అవకాశం ఉంది. పాపం వెంట పాపం చేస్తూ పోతే హృదయానికి తుప్పు పడుతుందని సూరా ముతఫ్ఫిఫీన్ హెచ్చరిస్తుంది. అప్పుడు దీపం వెలగదు. బాధ లేదు కనుక జబ్బు కూడా లేదని మనిషి భ్రమపడతాడు.

కనుక ఈ వారం ఒక పని చేద్దాం. బండిలో వెలుగుతున్న దీపం ఉంటే రేపే చూపిద్దాం. ఎవరికైనా లోపం దాచి ఏదైనా అమ్మి ఉంటే, వెళ్లి నిజం చెప్పి సరిచేసుకుందాం. తోటివారి హక్కు వారికి చెల్లించనిదే తౌబా పరిపూర్ణం కాదు.

ఓ అల్లాహ్! మా హృదయాలలోని దీపాన్ని ఆరనీయకు. హెచ్చరికను వినే చెవిని, సరిదిద్దుకునే ధైర్యాన్ని ప్రసాదించు. మా సంపాదనను హలాల్ చేయి, మా బేరాలలో బర్కత్ ఇవ్వు. బాటలో ఉన్న ప్రతి ప్రయాణికుణ్ణీ క్షేమంగా ఇల్లు చేర్చు. మా తల్లిదండ్రులను, విశ్వాసులందరినీ మన్నించు. ఆమీన్.

లేవండి, నమాజు కోసం సఫ్‌లు సరిచేసుకోండి.