నేర్పకుండానే పరీక్ష పెట్టారు: జర్మనీలో "కలిసిపోవడం" వెనక కథ

జర్మనీ మీద వీడియో చెయ్యన్నా అని చాలామంది అడుగుతున్నారు. ఫీజులు ఉండవట కదా, బ్లాక్డ్ అకౌంట్‌లో ఎంత వెయ్యాలి... ఇవి చెప్పే వీడియోలు బోలెడున్నాయి, చూసుకోండి. నేను ఇంకో విషయం చెప్తాను. అక్కడ దిగాక మీ చెవిన తప్పకుండా పడే మాట ఒకటుంది: ఇంటిగ్రేషన్. మా దేశానికి వచ్చారు కాబట్టి మాలో కలవండి, మా భాష నేర్చుకోండి, మాలాగా ఉండండి అని. ఇది న్యాయమేనా అంటే, నా లెక్కలో సగం న్యాయం. ఏ సగమో తేలాలంటే 1961కి వెళ్లాలి.

అప్పుడు పశ్చిమ జర్మనీలో ఫ్యాక్టరీలు జోరు మీదున్నాయి, పనివాళ్లు లేరు. 1955లో ఇటలీతో, 1961 అక్టోబర్ 30న టర్కీతో ఒప్పందం చేసుకుని మనుషుల్ని తెచ్చుకున్నారు. వాళ్లకి పెట్టిన పేరు గాస్ట్‌ఆర్బైటర్. అంటే అతిథి కార్మికుడు. పేరులోనే ఉంది చూడండి, అతిథి అంటే కొన్నాళ్లుండి వెళ్లిపోయేవాడు. టర్కీ వాళ్లకైతే మొదట్లో రెండేళ్లే గడువు. వీళ్లు వెళ్తారు, కొత్తవాళ్లొస్తారు, అదీ ప్లాన్. ఫ్యాక్టరీ ఓనర్లే కుదరదన్నారు. మన ఐటీ భాషలో చెప్తా: కేటీ ఇచ్చి, పని నేర్పి, మనిషి చేతికందే టైమ్‌కి రిలీజ్ చెయ్యమంటే ఏ మేనేజర్ ఒప్పుకుంటాడు? అలా 1964లో ఆ గడువు తీసేశారు.

మనుషులు మాత్రం ఫ్యాక్టరీ పక్కన హాస్టళ్లలోనే. ఒక్కో గదిలో బంకర్ మంచాలు, షిఫ్టు, నిద్ర, మళ్లీ షిఫ్టు. భాష ఎవరు నేర్పుతారు? పోయేవాళ్లకి భాషెందుకు అనుకున్నారు. ఆ మాటకొస్తే వచ్చినవాళ్లూ అలాగే అనుకున్నారు, నాలుగు డబ్బులు కూడబెట్టి ఊళ్లో ఇల్లు కట్టుకుందామని.

1973 నవంబర్‌లో, ఆయిల్ సంక్షోభం టైమ్‌లో, కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు. అప్పటికి అన్ని దేశాల నుంచీ కలిపి సుమారు కోటీ నలభై లక్షల మంది వచ్చారని లెక్క. అందులో కోటీ పది లక్షల మంది దాకా తిరిగి వెళ్లిపోయారు. మిగతావాళ్లకి భయం పట్టుకుంది: ఇప్పుడు ఊరికి పోతే మళ్లీ రానిస్తారా? స్టాంపింగ్‌లో ఇరుక్కుంటామని అమెరికాలో మనవాళ్లు చెల్లి పెళ్లికి కూడా రాకుండా ఆగిపోతుంటారే, అచ్చం అదే లాజిక్. వెళ్లడం మానేసి, పెళ్లాం పిల్లల్నే అక్కడికి రప్పించుకున్నారు. ఆపుదామని పెట్టిన రూలే వాళ్లని అక్కడ స్థిరపడేలా చేసింది.

తర్వాత 1983లో ప్రభుత్వం ఇంకో స్కీమ్ తెచ్చింది. ఉద్యోగం పోయిన విదేశీ కార్మికుడు కుటుంబంతో సహా వెళ్లిపోతానంటే 10,500 మార్కులు, ఒక్కో బిడ్డకి ఇంకో 1,500. అంటే ఇరవై ఏళ్లు పనిచేశాక "కలవండి" కూడా కాదు, "కదలండి" అన్నారు. పిల్లల సంగతి ఇంకా విచిత్రం. 1913 నాటి చట్టం ప్రకారం తల్లో తండ్రో జర్మన్ అయితేనే బిడ్డ జర్మన్. బెర్లిన్‌లో పుట్టి, బెర్లిన్ బడిలో చదివినా పాస్‌పోర్ట్ మాత్రం టర్కీది. ఇది మారింది 2000లో. ప్రభుత్వమే దేశమంతటా ఇంటిగ్రేషన్ కోర్సులు పెట్టింది 2005లో. 1961 నుంచి లెక్కేయండి, 44 ఏళ్లు! ఇన్నాళ్లూ భాష నేర్పే ఏర్పాటు సరిగ్గా చెయ్యకుండా "వీళ్లు కలవట్లేదు" అనడం నాకైతే సిలబస్ ఇవ్వకుండా పరీక్ష పెట్టినట్టే అనిపిస్తుంది.

సరే, కలిసిపోయినవాళ్ల సంగతేంటి? ఫుట్‌బాల్ చూసేవాళ్లకి మెసుట్ ఒజిల్ తెలుసు. గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టాడు, 2014లో జర్మనీ వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. 2018లో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్‌తో ఫొటో దిగాడు, పెద్ద గొడవైంది. ఆ ఫొటో మీద విమర్శ తప్పని నేననను, ఎన్నికల ముందు ఒక నాయకుడి పక్కన నిలబడితే అడుగుతారు మరి. కానీ ఆ ఏడాది జర్మనీ గ్రూప్ దశలోనే ఇంటికొచ్చేసరికి గొడవ ఫొటో దాటి పోయింది. అతను జాతీయ టీమ్ వదిలేస్తూ చెప్పిన దాని సారాంశం: గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలస వచ్చినవాణ్ణి. అక్కడే పుట్టినవాడు ఇంకేం నేర్చుకోవాలి చెప్పండి?

ఇంకొకాయన ఉగుర్ షాహిన్. కోవిడ్ టీకా చేసిన బయోఎన్‌టెక్ పెట్టినాయన. నాలుగేళ్లప్పుడు టర్కీ నుంచి వచ్చాడు, నాన్న కొలోన్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. అక్కడ ప్రైమరీ అవగానే పిల్లల్ని వేరే వేరే రకాల స్కూళ్లకి పంచేస్తారు. ఈయన్ని యూనివర్సిటీ దాకా తీసుకెళ్లని స్కూల్‌కి పంపమని టీచర్ సలహా. పక్కింటి జర్మన్ కల్పించుకుని గిమ్నాజియుమ్‌లో చేర్పించబట్టి ఆయన డాక్టరయ్యాడు. కలవడం అంటే ఇది. ఇవతలి మనిషి చెయ్యి చాపితే సరిపోదు, అవతలి మనిషి పట్టుకోవాలి.

ఇక న్యాయమైన సగం. భాష. ఇందులో నాకు రెండో మాట లేదు. ఇంగ్లీష్‌లో మాస్టర్స్ చేసేసి, మన ఫ్లాట్‌లో మన నలుగురితోనే ఉండి, రెండేళ్లయ్యాక ఉద్యోగాలు రావట్లేదంటే ఎలా? పౌరసత్వానికి బీ1 స్థాయి జర్మన్ కావాలి. 33 ప్రశ్నల పరీక్షలో 17 కరెక్ట్ అవ్వాలి. చట్టం, చరిత్ర, ఓటు హక్కు, ఇలాంటివే అడుగుతారు. ఆ 33లో మీరేం తింటారు, ఏ దేవుడికి దణ్ణం పెడతారు అని ఉండదు. చట్టం అడిగేది ఒకటి, పక్కసీటు వాళ్లు ఆశించేది ఒకటి. మొదటిది నేర్చుకోండి. రెండోదానికి అంతుండదు.

ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న హైదరాబాద్ వాళ్లు కిటికీలోంచి చూడండి. ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్లలో బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. రేకుల షెడ్లలో ఉంటారు. "తెలుగు రాదు వీళ్లకి" అంటాం. నేర్పేవాళ్లెవరు? "పనైపోతే పోతార్లే" అనుకుంటున్నాం, 1961లో జర్మనీ అనుకున్నట్టే. వాళ్లలో కొందరి పిల్లలు ఇక్కడే పెరుగుతున్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో జర్మన్ ఏ1 ఇక్కడుండగానే ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. ఉంటానండి.