అసలు అమ్మ ఎవరు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. జలపాతాలు, మేడలు మీలో చాలామంది చూసే వచ్చారు. నేను ఒక అమ్మాయి గురించి, నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను.

2019లో మేము మసాచుసెట్స్ రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఐదు నెలలున్నాము. కోడలు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు మనవణ్ణి ఆడించడానికి ఎదురింటి అమ్మాయి వచ్చేది. 19 ఏళ్ళ కాలేజీ విద్యార్థిని. నల్లజాతి పిల్ల. ఆమెను పసిగుడ్డుగా దత్తత తీసుకుని పెంచినవారు ఇద్దరు తెల్లజాతి స్త్రీలు. వారిద్దరూ దంపతులు. మనకిది కొత్తగా తోచవచ్చు. ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఇద్దరు స్త్రీలు కలిసి ఒక బిడ్డను దత్తత తీసుకోవచ్చునని 1993లోనే తీర్పు ఇచ్చింది. 2004 మే 17 నుంచి అక్కడ అటువంటి వివాహాలూ చెల్లుతున్నాయి. "మా అమ్మల పెళ్ళికి పూలబుట్ట పట్టుకున్నది నేనే. అప్పుడు నాకు నాలుగేళ్ళు" అని ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది.

36 ఏళ్ళు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో పనిచేసినవాణ్ణి. ఖాళీ కాలమ్ కనబడితే ఊరుకోలేను. "అది సరేనమ్మా, నీ అసలు అమ్మ ఎవరు?" అని నాకొచ్చిన ఆఫీసు ఇంగ్లీషులో అడిగేశాను.

బాబుకి అరటిపండు తినిపిస్తున్న చెయ్యి ఆగింది. "మీరడిగేది కన్నతల్లి గురించా? ఆమె పేరు నాకు తెలుసు. అది నా సొంత విషయం. అసలు అమ్మలంటారా, ఎదురింట్లో ఉన్నారు, ఇద్దరూ" అంది. కోపం లేదు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అలవాటైన జవాబు అది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ సభలో ఒకరిద్దరికే తెలుసు, నేనూ దత్తుడినే. హిందూ దత్తత చట్టం 1956లో వచ్చింది. మరుసటి ఏడాది, నా ఏడో ఏట, పిల్లలు లేని మా పెదనాన్నగారికి నన్ను ఇచ్చారు. ఆనాటినుంచి పెద్దమ్మ నాకు అమ్మ. కన్నతల్లిని పిన్నీ అని పిలవాలి. పండగకి చుట్టాలు చేరితే ఎవరో ఒకరు "ఒరేయ్, నీ అసలమ్మ ఎవర్రా?" అని సరదాకి అడిగేవారు. ఇద్దరూ అక్కడే నిలబడి ఉండేవారు. ఏం చెప్పినా ఒకరి మొహం వాడిపోతుంది. నేను పశువుల కొట్టంలోకి పారిపోయేవాణ్ణి. అంత బాధపెట్టిన ప్రశ్ననే ఆ పిల్లను నేను అడిగాను.

మరునాడు ఈ కథ చెప్పి క్షమించమన్నాను. "అయితే మీకూ ఇద్దరమ్మలే!" అని పడీపడీ నవ్వింది. తరువాత నెమ్మదిగా చెప్పింది. ఇద్దరు తల్లులుండటం ఆమెకు ఇంట్లో ఎన్నడూ కష్టమనిపించలేదట. అద్దంలో తప్ప ఇంట్లో తన పోలిక మరెక్కడా లేకపోవడమే కష్టమట. తల్లులతో దుకాణానికి వెళితే మర్యాద చేసేవారు. ఒంటరిగా వెళితే కాపలావాడు వెంట తిరిగేవాడు. చెప్పేదాకా తల్లులకు ఆ సంగతి తెలియదు. తన జుట్టు దువ్వడం రాక, నల్లజాతి స్త్రీలు నడిపే సెలూనుకు తీసుకెళ్ళి, పక్కన కూర్చుని జడలు అల్లడం నేర్చుకున్నారట. తనలాంటి పిల్లలున్న బడి కోసం ఇల్లే మార్చారట.

అక్కడ ఇది పాత చర్చే. నల్లజాతి పిల్లలను తెల్లవారి ఇళ్ళకు ఇవ్వడాన్ని 1972లో నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం గట్టిగా వ్యతిరేకించింది. పిల్లలు తమ జాతికి దూరమవుతారని వారి భయం. కేవలం జాతి కారణంగా దత్తత నిరాకరించరాదని 1994లో చట్టం వచ్చింది. ఈ తల్లులు ఆ భయాన్ని తేలికగా కొట్టిపారెయ్యలేదు. పిల్ల కోసం తామే మారారు.

మన దేశంలో స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 17 తీర్పులో మాత్రం అటువంటి జంటలకు వివాహ హక్కు గాని, కలిసి దత్తత తీసుకునే హక్కు గాని ఇవ్వలేదు. దానిపై మీ అభిప్రాయాలు మీవి. నేను కోరేది చిన్న సంగతి. మన పింఛను నిబంధనలలో చట్టప్రకారం దత్తత తీసుకున్న బిడ్డ కుటుంబసభ్యుడే. ఫారంలో రాయవలసినచోట ఆ ముక్క రాయండి. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో, పిల్లల ఎదుట మాత్రం ఆ ప్రశ్న అడగకండి.

మా పిన్ని పోయి 20 ఏళ్ళు దాటింది. అమ్మ బాధపడుతుందేమోనని, కన్నతల్లిని ఒక్కసారైనా అమ్మా అని పిలవలేదు. ఆ చుట్టాలు ఊరుకుని ఉంటే ఇద్దరినీ పిలిచేవాణ్ణేమో.