ఓటునకు పట్టాదారు ఎవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు పుస్తకముల కొరకు వచ్చువారు కొందరు, పత్రిక కొరకు వచ్చువారు పెక్కుమంది. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికుడొకడు పత్రిక విప్పి పెద్దగా చదువును; చదువురానివారు చుట్టును చేరి విందురు. వర్షములు, ధరలు, బొగ్గు ఉత్పత్తి వీనిపై వాదము అంతగా రేగదు. "ఫలానా నాయకుడు పార్టీ మారెను" అను వార్త చదువగానే మాత్రము అరుగు దద్దరిల్లును. ఒకడు ద్రోహమనును, ఒకడు రాజనీతి యనును. మూల నున్న వృద్ధుడొకడు, "మరి నేను వేసిన ఓటు ఆయనతో పోయినదా, ఇక్కడనే యున్నదా?" అని అడుగును. ఈ ప్రసంగము ఆ వృద్ధుని ప్రశ్నను గూర్చినదే.

పహాణీ చూచినవారికి ఈ ప్రశ్న సులభముగా బోధపడును. అందు పట్టాదారు పేరునకు ఒక గడి, అనుభవదారు పేరునకు మరొక గడి యుండును. భూమి ఒకనిది, దున్నువాడు మరొకడు కావచ్చును. కౌలుదారు ఎన్ని యేండ్లు దున్నినను పట్టాదారు నడుగక పొలమును వేరొకనికి అప్పగింపజాలడు. ఓటు విషయమున ఓటరు పట్టాదారు, ప్రతినిధి ఐదేండ్ల కౌలుదారు అని అందరును ఒప్పుకొందురు. చిక్కంతయు కౌలుదారు పొలము గట్టు దాటి ప్రక్క పొలముతో కలిపి దున్ననారంభించినప్పుడు వచ్చును.

పక్షము మారుట నేటి వింత కాదు. విభీషణుడు మారెను, యుయుత్సుడు మారెను, శల్యుడు మారెను. కాని మువ్వురును ఒక్క తీరున మారలేదు. విభీషణుడు ముందుగా అన్న కొలువులోనే, అందరు వినుచుండగా తన మాట చెప్పెను. అది చెల్లనప్పుడే లంకను విడిచెను. యుయుత్సుడు ఉభయ సైన్యములు చూచుచుండగా, ధర్మరాజు బహిరంగముగా పిలిచిన పిమ్మట, పగటివేళ నడిచివచ్చెను. శల్యుని కథ వేరు. మేనల్లుండ్రకు సాయపడ బయలుదేరి, దారిలో దుర్యోధనుడు చేసిన విందులకు మురిసి మాట యిచ్చెను. అంతట ధర్మరాజునకు మరొక మాట యిచ్చి, కర్ణుని రథముపై కూర్చుండి కర్ణునే నిరుత్సాహపరచెను. పత్రికలలో నేడు కనబడు ఫిరాయింపులను ఈ మూడు తూనికలతో తూచి చూచినచో శల్యుల సంఖ్యయే హెచ్చుగా తేలును. విభీషణునివలె ముందు సభలో చెప్పి పిదప వెళ్లినవాడు అరుదు.

తెలుగువారి నడుమ ఈ వాదము ఇంటింటికిని ప్రాకిన సంవత్సరము 1969. ఆ యేడు ఆగస్టులో రాష్ట్రపతి యెన్నిక జరిగెను. కాంగ్రెసు అధికార అభ్యర్థి అనంతపురము జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డిగారు. ఆయన నామపత్రముపై సంతకము చేసిన ప్రధాని ఇందిరాగాంధీయే పిదప అంతరాత్మ ప్రబోధము మేరకు ఓటు వేయుడని తన పక్షమువారికి సెలవిచ్చెను. ఎదుట నిలిచిన వరాహగిరి వెంకటగిరిగారు బరంపురపు తెలుగువారు, అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండు పర్యాయములు అధ్యక్షులైన కార్మిక నాయకులు. లెక్కింపులో గిరిగారికి 4,20,077 విలువ గల ఓట్లును, సంజీవరెడ్డిగారికి 4,05,427 విలువ గల ఓట్లును వచ్చెను. నవంబరులో కాంగ్రెసు ప్రధానినే బహిష్కరించెను. పార్టీ రెండుగా చీలెను. ఇందు సామాన్య ఓటరునకు ఓటే లేదు. అయినను ఇద్దరును తెలుగువారగుటచేత రచ్చబండలకు నెలల తరబడి మాటల కొరత లేకపోయెను. పార్టీ నిలిపిన మనిషిని పార్టీ అధినేత్రియే ఓడించుట తప్పా ఒప్పా అని అప్పుడు వాదించినవారు, ఎనిమిదేండ్లకు అదే సంజీవరెడ్డిగారు పోటీ లేకయే రాష్ట్రపతి అగుటను జూచి నవ్వుకొని యుందురు.

ఢిల్లీలో అది జరుగుచుండగా ఇచ్చట మరొక అగ్ని రగిలి యుండెను. 1956 ఫిబ్రవరి 20న ఉభయ ప్రాంతముల నాయకులు చేసికొన్న పెద్దమనుష్యుల ఒప్పందము అమలు కాలేదనియు, తెలంగాణ ఉద్యోగములు ముల్కీలు కానివారికి పోవుచున్నవనియు 1969 జనవరిలో ఖమ్మమున, కొత్తగూడెపు విద్యుత్కేంద్ర పరిసరములయందు ఆందోళన మొదలయ్యెను. అనగా బొగ్గునేల మీదనే మొదలైనది. కొలది వారములలో అది ప్రత్యేక రాష్ట్ర వాంఛగా మారెను. ఆ యేడు బడులు, కళాశాలలు మూతబడి విద్యార్థులకు చదువు పోయెను. కాల్పులలో నేలకొరిగినవారు 369 మంది యని ఉద్యమమువారు నేటికిని స్మరించుకొందురు.

తెలంగాణ ప్రజా సమితి యా సంవత్సరముననే పుట్టెను. మొదట మదన్‌మోహన్‌గారు ముందుండి నడిపిరి. పిదప మఱ్ఱి చెన్నారెడ్డిగారు అధ్యక్షులైరి. 1967 ఎన్నికను న్యాయస్థానము కొట్టివేయుటచే ఆరేండ్లు పోటీకి అనర్హులై యున్న చెన్నారెడ్డిగారు తాము నిలువకయే ఇతరులను నిలువబెట్టిరి. 1971 మార్చిలో లోకసభ మధ్యంతర ఎన్నికలు వచ్చినప్పుడు దేశమంతట ఇందిరాగాంధీ గాలి వీచెను. ఆమె పక్షమునకు 352 స్థానములు దక్కెను. ఆ గాలికెదురుగా తెలంగాణలోని 14 స్థానములలో 10 సమితికి దక్కెను. ఓటరు అంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

ఆరు మాసములు గడచినవో లేదో, 1971 సెప్టెంబరులో సమితి కాంగ్రెసులో కలిసిపోయెను. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారు గద్దె దిగిరి. గోదావరి కావలి మంథని శాసనసభ్యులగు పి.వి. నరసింహారావుగారు సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి యైరి.

ఇట్టి వేళ గని కార్మికవాడలలో ఎట్టి వాదము నడచునో ఊహించుట కష్టము కాదు. ఒక పక్షమువారు, "మన మోటు వేసినది ప్రత్యేక రాష్ట్రమునకు. రాష్ట్రము రాలేదు, ముఖ్యమంత్రి మాత్రము వచ్చెను. ఎద్దును కొనుమని పైకమిచ్చి పంపినచో మెడగంట తెచ్చి చూపినట్లున్నది" అందురు. రెండవ పక్షమువారు, "ఐదు వందలకు పైబడిన సభలో పదిమంది అరచిన నేమగును? లోపలికి పోయి సాధింపవలెను. మన ప్రాంతమువాడు ముఖ్యమంత్రి యగుట చిన్న సంగతియా?" అందురు. కోస్తా జిల్లాలనుండి వచ్చి గనిలో చేరినవాడు మూడవ మాట పలుకును: "బాయిలోనికి దిగినప్పుడు ముల్కీ యెవడు, గైరుముల్కీ యెవడు? పైకప్పు కూలినచో అది మనిషి ఊరు అడుగునా?" ఆ మాటకు ఉభయులును కొంచెము సేపు ఊరకుందురు. అంతలో ఒక తల్లి, "నా కొడుకు చదువు ఒక యేడు వెనుకబడెను. కలిసినవారు కలిసిరి, విడిపోయినవారు విడిపోయిరి. ఆ యేడు ఎవరు తిరిగి యిత్తురు?" అని అడుగును. దానికి ఏ పక్షమువద్దను జవాబు లేదు.

ఇందు న్యాయముగా చూడవలసిన దొకటి కలదు. సమితి నాయకులు రాత్రికి రాత్రి దాగి పోలేదు. పార్టీ పార్టీగానే, అందరు చూచుచుండగా కలిసిరి. ఆ మేరకు వారిని శల్యునితో పోల్చుట తగదు. అయితే యుయుత్సుడు తనకు తానుగా వెళ్లెను. అతని వెంట లక్షల జనుల నమ్మకము లేదు. కౌలుదారు పట్టపగలు గట్టు త్రవ్వినను, పట్టాదారు నడుగకుండ త్రవ్వినచో అది గట్టు త్రవ్వుటయే. ఎన్నికకు ముందు, "గెలిచిన పిదప కాంగ్రెసులో కలియుదుము" అని చెప్పి ఓట్లడిగి యున్నచో ఈ ప్రశ్న పుట్టకపోవును.

పార్టీకంటె గుర్తును నమ్మువారి సంగతి మరొకటి. తొలి ఎన్నికలనుండి కాడి కట్టిన ఎద్దుల జోడుపై ముద్ర వేసినవారికి 1971లో ఆవును దూడను చూపిరి, 1978లో చేతిని చూపిరి. గుర్తు మారినప్పుడెల్ల పార్టీ చీలినది. ఓటరు మాత్రము తాను మారలేదనుకొనెను! వ్యవసాయకుటుంబములలో ఎద్దులు పోయి ఆవు వచ్చుట లాభమా నష్టమా అని పరిహాసమాడుకొనుటకు మంచి యవకాశమే దొరకెను.

చరిత్ర యొక్క వినోదము 1978లో పూర్ణమయ్యెను. ఆ జనవరిలో కాంగ్రెసు తిరిగి చీలినప్పుడు ఇందిరాగాంధీకి ఎదుటి కాంగ్రెసుకు అధ్యక్షులుగా నున్నవారు బ్రహ్మానందరెడ్డిగారు. ఆమె పక్షమున ఈ రాష్ట్రమున 294 స్థానములలో 175 గెలిచి ముఖ్యమంత్రి యైనవారు చెన్నారెడ్డిగారు. 1969లో ఎవరు రాష్ట్రమును విడదీయవలె ననిరో వారే ఆ సమగ్ర రాష్ట్రమును పాలించిరి. పెద్దపల్లిలో 1971లో సమితి పక్షమున గెలిచిన తులసీరాంగారిని 1977లో కాంగ్రెసు పక్షమున ఓటర్లు మరల గెలిపించిరి. దీనినిబట్టి ఓటర్లు క్షమించిరనవలెనా, మరచిరనవలెనా, లేక మనిషినే చూచి వేసిరనవలెనా? లెక్కలలో ఆ కారణము వ్రాసెడి గడి లేదు.

1984 ఆగస్టు 16న నందమూరి తారకరామారావుగారిని తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిని గద్దె నెక్కించినప్పుడు మాత్రము జనులు ఊరకుండలేదు. నెల తిరుగగనే, సెప్టెంబరు 16న, తొలగింపబడినవారే మరల ప్రమాణము చేసిరి. మరుసటి సంవత్సరము ఫిరాయింపుల నిరోధమునకు రాజ్యాంగమును 52వ పర్యాయము సవరించిరి. మూడింట ఒక వంతు చీలినచో తప్పు లేదను సందు అందుండెను. దానిని 2003లో మూసిరి. మూడింట రెండు వంతులు కలియు సందు ఇంకను కలదు. దొంగ యొక్కడైన శిక్ష, ముప్పదిమంది యైన సంబరము అన్నట్లుగా నున్నదని కొందరి యాక్షేపణ.

ఇక బొగ్గు ప్రాంతపు ఓటరు. ఇతనికి ఇతర పల్లెల ఓటరునకు లేని యొక విశేషము కలదు: శాసనసభకు ఓటు, లోకసభకు ఓటు గాక, 1998 నుండి గుర్తింపు సంఘమును ఎన్నుకొనుటకు రహస్య ఓటు గూడ నున్నది. 2012లోను, 2017లోను తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము గెలిచెను. అది ఉద్యమకాలపు ఊపు. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికలు జరిగి రాష్ట్రమున కాంగ్రెసు 64 స్థానములతో అధికారమునకు వచ్చెను. రామకృష్ణాపూర్ చేరియున్న చెన్నూరు నియోజకవర్గమును కాంగ్రెసే గెలిచెను. నెల గడువకముందే, డిసెంబరు 27న, సింగరేణిలో సంఘపు ఎన్నిక జరిగెను. అధికారమునకు వచ్చిన పార్టీకి చెందిన ఐఎన్‌టీయూసీ గెలుచునని పెక్కురు తలచిరి. సుమారు రెండువేల ఓట్ల ఆధిక్యముతో గెలిచినది ఏఐటీయూసీ. మందమర్రి, శ్రీరాంపూర్ ప్రాంతములు దానివైపే మొగ్గెను.

దీనిని చపలత్వ మనువారు కలరు. కాని లెక్క చూడుడు. శాసనసభకు వేయునప్పుడు కార్మికుడు రోడ్డును, ఇంటిస్థలమును, కొడుకు ఉద్యోగమును తలచును. సంఘమునకు వేయునప్పుడు బదిలీని, వైద్యశాలను, లాభములలో వాటాను, బాయిలోని గాలిని తలచును. పొలము రెండు ముక్కలుగా నున్నప్పుడు రెండింటికిని ఒకే కౌలుదారు నుంచవలె నను నియమ మెచ్చటను లేదు.

కడపట గ్రంథాలయ నిర్వాహకులకు ఒక విన్నపము. ఎన్నికలనాడు అభ్యర్థులు పంచు కరపత్రములు మరుసటి వారము పల్లీల పొట్లములగుచున్నవి. ప్రతి అభ్యర్థి కరపత్రమును ఒక్కొక్కటి చొప్పున, తేదీ వేసి, పార్టీ పేరు వ్రాసి యిచ్చట భద్రపరుపవలెను. ఐదేండ్లకు అదే మనిషి అదే పేరుతోనో, మరొక గుర్తుతోనో వచ్చినప్పుడు వానిని పత్రికల బల్లపై పరచవచ్చును. ఖర్చు ఒక అట్టపెట్టె, కొంచెము దారము.