కాంటాకు ముందు బండి వెనక ఇరుసు చూసుకుందాం
(మెదక్ పట్టణంలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, తరుగు, కాంటాల ఆలస్యం గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం, ఇంకా మాట్లాడతాం. ఈ రోజు మన చేతిలోనే ఉన్న ఒక పని గురించి చెప్పుకుందాం. అది పికప్ బండి వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌లోని ఆయిల్. మెకానిక్‌లు హౌసింగ్ ఆయిల్ అంటారు.

ఇంజన్ ఆయిల్ మనం మరవం. హౌసింగ్ మాత్రం కారినప్పుడో, కూత పెట్టినప్పుడో గుర్తుకొస్తుంది. ఇంజన్ బలమంతా అక్కడి నుంచే చక్రాలకు చేరుతుంది. చిన్న పినియన్ పెద్ద క్రౌన్‌ను తిప్పుతుంది. వాటి పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రుద్దుకుంటాయి. ఆ ఒత్తిడికి ఇంజన్ ఆయిల్ ఆగదు, చిక్కటి గేర్ ఆయిలే కావాలి. షాపులో "90 నంబర్ ఇవ్వు" అంటే చాలదు. డబ్బా మీద జీఎల్-5 అని ఉందా, 80డబ్ల్యు-90 కావాలా, 85డబ్ల్యు-140 కావాలా అన్నది బండితో వచ్చిన పుస్తకంలో చూసి కొనాలి.

మన దగ్గర పెద్ద ముప్పు నీళ్లు. 2025 ఆగస్టు చివరి వానలకు మెదక్, కామారెడ్డి జిల్లాల్లో రోడ్లు ఎట్లా తెగిపోయాయో చూశాం. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. బ్రీదర్ నుంచి, సీళ్ల సందుల నుంచి నీళ్లను లోపలికి లాగుతుంది. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టే. పైన కొత్తది పోస్తే లాభం లేదు, మొత్తం తీసి మార్చాలి.

బ్రీదర్ బురదతో మూసుకుపోతే ఇంకో కష్టం. వేడి గాలి పోయే దారి లేక ఆయిల్ సీళ్లను తోసుకొని బయటికొస్తుంది. చక్రం దగ్గర సీలు పోతే బ్రేకు లైనర్లు తడుస్తాయి. నిండు బస్తాల బండికి బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

చూసే పద్ధతి సులువే. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. కాస్త చల్లారాక ఆయిల్ పోసే బోల్టు విప్పాలి. ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. మార్చేటప్పుడు ముందు పై బోల్టు, తర్వాతే కింది బోల్టు విప్పాలి. పైది తుప్పుపట్టి రాకపోతే, ఖాళీ అయిన హౌసింగ్‌తో బండి కదలదు. కింది బోల్టుకు సన్నటి ఇనుప పొడి అంటితే భయం లేదు. ముక్కలు కనిపిస్తే మెకానిక్‌కు చూపించాలి. తీసిన ఆయిల్‌ను కాలువలో, బోరు దగ్గర పారబోయొద్దు.

మోత సంగతి కూడా చెప్పుకోవాలి. 750 కిలోల మోత ఉన్న టాటా ఏస్‌లో 40 కిలోల బస్తాలు 18 దాటొద్దు. లారీలు రాక వడ్లు కల్లంలోనే తడుస్తుంటే ఎక్కువ వేయక తప్పడం లేదని అంటున్నారు. ఆ తిప్పలు నిజమే. అందుకే కొనుగోలు కేంద్రాలకు లారీలు సమయానికి పంపాలని అధికారులను అడుగుతూనే ఉందాం. కానీ క్రౌన్ విరిగితే రిపేరు ఖర్చు అధికారి ఇవ్వడు, బండి కిస్తీ కూడా ఆగదు.

2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. హౌసింగ్ ఆయిల్ మార్పుకు మామూలుగా అంత కూడా కాదు. క్వింటా వడ్ల ధర లోపు పోయేదానికి వెనకాడి, కోతల నడుమ బండి పండబెట్టుకోవద్దు.

కాబట్టి ఊరూరా సంఘం కమిటీలు వానాకాలం, యాసంగి కోతలకు ముందు ఒక రోజు పెట్టుకొని, ఊళ్లోని పికప్‌లన్నీ ఒక్కచోట నిలిపి ఆయిల్, బ్రీదర్, సీళ్లు చూడాలి. తేదీ, కిలోమీటర్లు ఒక నోటు పుస్తకంలో రాయాలి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తెచ్చుకుందాం.