ఒకే వంట, రెండు ఖాతాలు

(ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను. ఇరవై ఏళ్లుగా డిపాజిట్లు, అప్పులు చూస్తున్న ఆఫీసర్ని. అయినా ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను.

మా ఇంట్లో వంట ఒకటే, నూనె డబ్బా ఒకటే. మా వారికి ముప్పై ఐదేళ్లకే పొట్ట వచ్చింది. నాకు తొడల దగ్గర ఒళ్లు వచ్చిందే తప్ప పొట్ట రాలేదు. ఆయన్ని చాలాకాలం ఆటపట్టించాను. నిరుడు ఆరోగ్య పరీక్షలో నా బరువు పెద్దగా మారలేదు గానీ, నడుం కొలత 87 సెంటీమీటర్లు వచ్చింది. షుగరు, ట్రైగ్లిజరైడ్లు రెండూ హద్దు దాటాయి. "నేనేమీ ఎక్కువ తినడం లేదే!" అన్నాను. "ఎంత తిన్నారన్నదే కాదమ్మా, అది ఎక్కడ చేరుతోందన్నదీ చూడాలి" అన్నారు డాక్టరు గారు.

ఈ తేడాను ఫ్రెంచి వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే గుర్తించారు. మగవారిలో కొవ్వు ఎక్కువగా పొట్ట దగ్గర, ఆడవారిలో తుంటి, తొడల దగ్గర చేరుతుందనీ, మొదటి రకానికే మధుమేహం, గుండెజబ్బులతో సంబంధం ఎక్కువనీ చెప్పారు.

మనం తిన్న నూనె, నెయ్యి పేగుల్లో జీర్ణమై రక్తంలోకి వస్తాయి. లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును విడగొట్టి కణాల్లోకి పంపుతుంది. కౌంటరు దగ్గర డబ్బు జమ చేసుకునే క్యాషియర్ లాంటిదన్నమాట. నెలసరి ఉన్న వయసు స్త్రీలలో ఈ క్యాషియర్ తుంటి, తొడల దగ్గర చురుగ్గా ఉంటుంది. మగవారిలో స్త్రీల కంటే ఎక్కువగా పొట్ట లోపల, పేగుల చుట్టూ జమ అవుతుంది.

తొడల కొవ్వు ఫిక్స్‌డ్ డిపాజిట్. తేలిగ్గా కదలదు, బిడ్డకు పాలిచ్చే రోజుల్లో అక్కరకొస్తుంది. పొట్ట లోపలి కొవ్వు కరెంటు ఖాతా. రోజంతా లావాదేవీలే. అక్కడి నుంచి విడుదలైన కొవ్వు నేరుగా కాలేయానికి వెళుతుంది. ఫ్యాటీ లివర్, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఇలా కూడా మొదలు కావచ్చు.

ఇన్నాళ్లూ నన్ను కాపాడింది నా క్రమశిక్షణ కాదు, ఈస్ట్రోజెన్. మెనోపాజ్ తర్వాత అది తగ్గగానే కొత్త డిపాజిట్లు పొట్టకే రావడం మొదలయ్యాయి. పొట్ట మగవారి సమస్యే అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నడుం, తుంటి కొలతల నిష్పత్తి ప్రమాదకరంగా ఉన్నవారు మగవారిలో సుమారు 48 శాతం, ఆడవారిలో 57 శాతం.

అందుకే బరువు ఒక్కటే చూసుకుంటే చాలదు. టేపు తీసుకోండి. చీర కుచ్చిళ్లు దోపే చోటో, బెల్టు పెట్టుకునే చోటో కాదు. కింది పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

తర్వాత నూనె లెక్క. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకు 30 గ్రాములు. గ్రాముకు 9 కిలోకేలరీల చొప్పున 270. పాలు, పల్లీలు, కొబ్బరిలో ఉన్నది దీనికి అదనం. మిగిలిన కూర పారేయలేక మూకుడు ఊడ్చుకుని తినే అమ్మలు ఆ వాటానూ కలుపుకోవాలి.

ఒక మంచి కబురు కూడా ఉంది. కరెంటు ఖాతా తొందరగా ఖాళీ అవుతుంది. రోజూ వేగంగా నడిచి, తిండి కాస్త తగ్గిస్తే ముందు కరిగేవాటిలో పొట్ట లోపలి కొవ్వు ఒకటి. నాలుగు నెలల్లో నా నడుం 87 నుంచి 83కి వచ్చింది. ఇంకా 3 బాకీ ఉంది. మా వారిని ఆటపట్టించడం మానేశాను. ఇప్పుడు ఇద్దరం కలిసి నడుస్తున్నాం.

తలుపు దగ్గర బల్ల మీద టేపు పెట్టాను. వెళ్లేటప్పుడు మీ బ్యాలెన్స్ చూసుకుని వెళ్లండి.