ఇంటి సరుకు: ధర చూడాలా, మన్నిక చూడాలా?



పంట అమ్మిన డబ్బు చేతికి వచ్చినప్పుడే ఇంటికి కావలసిన బట్టలు, గిన్నెలు కొంటాం. ముంబయి రహదారి మీద ఇస్నాపూర్‌లో దిగితే దుకాణాలకు కొదవలేదు. దాపునే పాశమైలారం పారిశ్రామికవాడ. ఇంట్లో ఒకరు సేద్యానికి, ఒకరు ఫ్యాక్టరీకి పోయే కుటుంబాలెన్నో. అందరిదీ కష్టార్జితమే. ఆ డబ్బు ఏడాది తిరక్కుండానే చిరిగిపోయే సరుకు పాలు కావడం న్యాయమా?

కొనేముందు ఒక లెక్క వేసుకోండి. ఒక దుప్పటి 300 రూపాయలు, రెండేళ్లు వస్తుంది అనుకుందాం. ఏడాదికి 150 పడింది. మరొకటి 1500, పదిహేనేళ్లు వస్తుంది. ఏడాదికి 100 మాత్రమే! మరి చవక ఏది?

మన మెదకు సీమ నల్ల గొంగడి సంగతి చూడండి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని వడికి, కురుమలు గుంటమగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. కాపరికి వానలో అదే గొడుగు, చలిలో అదే దుప్పటి, చేను కాడ అదే పరుపు. తండ్రి కప్పుకున్న గొంగడి కొడుకు కప్పుకున్న ఇళ్లు ఉన్నాయి. అయితే మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. నల్ల ఉన్నీ తగ్గింది, నేసే చేతులూ తగ్గాయి.

కాబట్టి కొనేటప్పుడు పరీక్ష చేయండి. అంచు నుండి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, బట్టలకు దూరంగా వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. నూలు అయితే కాగితం కాలినట్టు కాలుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలాగ అవుతుంది.

ఈ పరీక్ష డబ్బు కోసమే కాదు. పొయ్యి దగ్గర వండే అమ్మలకు, ఫ్యాక్టరీలో నిప్పురవ్వల మధ్య పనిచేసే తమ్ముళ్లకు ఇది ప్రాణం సంగతి. నూలుబట్టకూ నిప్పంటుకుంటుంది గాని, పాలిస్టరులాగ కరిగి చర్మానికి అతుక్కోదు. అలాంటి పనికి ముతక నూలుబట్టే మేలు.

బట్టను వెలుతురుకు పట్టి నేత దట్టంగా ఉందో లేదో చూడండి. కుట్టును రెండు వైపులా లాగి చూడండి. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగుతుందేమో తెలుస్తుంది. కుండను వేలితో కొట్టండి, ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే పగులున్నట్లే. కొన్నాక జాగ్రత్త మన చేతిలో ఉంది. ప్లాస్టిక్ బకెట్టు ఎండలో ఉంటే పెళుసెక్కుతుంది, నీడన పెట్టండి. గొంగడిని వేడినీళ్లలో ఉతకవద్దు, కుంచించుకుపోతుంది. ఎండకు ఆరేసి, వేపాకు వేసి మడత పెడితే పురుగు పట్టదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మహిళా సంఘాల సమావేశంలో ఈ పోగు పరీక్ష చేసి చూపించండి. దక్కనీ గొర్రెలున్న కాపరి ఎక్కడైనా ఉంటే, గొంగడి నేసేవారితో కలపండి. ఉన్నికి ధర వస్తేనే ఆ మంద నిలుస్తుంది, మంద నిలిస్తేనే మీకు మన్నే గొంగడి దొరుకుతుంది.

వచ్చే అంగడికి పోయేటప్పుడు ధర ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఎన్నేళ్లు వస్తుందో కూడా అడగండి.