కత్తెర మన మీద, లెక్క ఎవరి మీద?
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దుబారా తగ్గించాలి, ఆడిట్ గట్టిగా జరగాలి అని శాసనసభలో పెద్దలు మాట్లాడుతున్నారు. మనం కాదనం. పైసలు మనవే. కానీ కత్తెర ముందు ఎవరి మీద పడింది?

2023 డిసెంబర్ 20న భట్టి విక్రమార్క గారు సభలో శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లు అన్నారు. ప్రతిపక్షం దానికి పోటీగా స్వేదపత్రం తెచ్చింది. చెమట ఎవరిదో మనకు తెలుసు! ఆ తర్వాత ఎకరానికి ఏడాదికి 15 వేలు అన్న రైతు భరోసా 12 వేలయింది. గుట్టలకు, వెంచర్లకు ఇవ్వమన్నారు, మంచిదే. మరి కౌలు రైతుకు ఇస్తామన్న మాట ఏమైంది?

ఇప్పుడు పెద్ద లెక్క చూద్దాం. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక సభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. 81,911 కోట్లని చెప్పిన ప్రాజెక్టు 1.47 లక్షల కోట్లు దాటుతుందని, పెట్టిన రూపాయికి 52 పైసల ఫలితమే వస్తుందని అందులో ఉంది. పశువు పోయినంక కొట్టానికి తలుపు పెట్టినట్టు!

మనకేమో ఎస్సెల్బీసీ సొరంగం ఏండ్ల తరబడి తవ్వుతూనే ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది అందులోనే చిక్కుకుపోయారు. పాలమూరు–రంగారెడ్డికి 2015లో 35,200 కోట్లతో అనుమతి ఇచ్చారు. 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్ కాడ ఒక మోటారు నడిపి చూపించారు. మోటారు నడిచింది గానీ పొలానికి నీళ్లు తెచ్చే కాలువలేవి?

ఆడిట్ ఎట్లా చేయాలో మనకు కొత్త కాదు. 2006లో ఉపాధి చట్టం మొదటి విడతలోనే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ చేరాయి. మా ఊర్లో సామాజిక తనిఖీ నాకింకా యాదికుంది. చదువుకున్న పిల్లలు మస్టర్ల నకళ్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఒక గడప ముందు పేరు చదివితే ముసలమ్మ బయటికొచ్చి, "ఆయన పోయి మూడేండ్లాయె బిడ్డా, ఏ చెరువుల మట్టి తీసిండు?" అన్నది. మండల ప్రజావేదికలో ఆమెతోనే మైకులో మళ్లీ చెప్పించారు. తిన్నవాళ్లు ఆ పైసలు తిరిగి కట్టారు. అన్నీ అట్లా వసూలయ్యాయని నేను చెప్పను. కానీ ఆ రోజు నుంచి మస్టరు రాసేవాడు ఊరికి భయపడ్డాడు.

కూలి దినపు లెక్క మైకులో చదువుతారు. వేల కోట్ల కాంట్రాక్టు లెక్క ఏ ఊరి చావిడిలో చదివారు? కాలువ ఎంత లోతు తవ్వారో మన కండ్లకు కనబడుతుంది. ఎంబీలో ఎంత రాశారో, ఎంత బిల్లు ఎత్తారో కూడా అట్లాగే కనబడాలి. అదీ పని నడుస్తున్నప్పుడే, ఎనిమిదేండ్ల తర్వాత కాదు. ఆడిట్ గట్టిగా కావాలనే ఎమ్మెల్యేలు ముందు దీనికి ఒప్పుకోవాలి.

అందుకే మన మండలంలో ఆగిపోయిన కాలువ పని ఎంబీ, బిల్లుల నకళ్లు అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు రాసి తెచ్చాను. ఫీజు పది రూపాయలు, తెల్లకార్డున్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి. కాలువ కింద భూమి ఉన్నవాళ్లు, కౌలుకు చేసేవాళ్లు, ఎవరి దరఖాస్తు వాళ్లు సంతకం చేసి పోండి.